కూలి లెక్కలోంచి పుట్టిన నవల: వేల్స్ బొగ్గు లోయల కథాసాహిత్యం

నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినబడుతోందా? సరే.

వేల్స్‌లో బొగ్గు గనుల చుట్టూ, ఉక్కు ఫ్యాక్టరీల చుట్టూ, పలకల క్వారీల చుట్టూ బతికిన జనం మీద వచ్చిన నవలల గురించి మాట్లాడమన్నారు. ఈ నవలల్ని మనవాళ్ళు ఎలా చదువుతారంటే, సమ్మె ఎక్కడొచ్చింది, పోలీసులు ఎక్కడ కొట్టారు, నాయకుడు ఏం ఉపన్యాసం ఇచ్చాడు, ఇవి వెతుక్కుంటూ చదువుతారు. అలా చదివితే సగం పుస్తకం చేజారిపోతుంది. నా మాట ఒక్కటే, ఈ గంటసేపూ దాన్నే తిప్పి తిప్పి చెబుతాను. ఈ నవలల్లో కథను నడిపేది కూలి లెక్క. ఎంత కూలి అన్నది మాత్రమే చూస్తే చాలదు. దాన్ని ఎలా లెక్కగట్టారో చూడాలి. ఎవరు తూచారు, ఏది తూకంలోంచి తీసేశారు, ఏ పనికి అసలు లెక్కే లేదు? అది తెలిస్తే ఇద్దరు మనుషులు ఒక పేజీలో ఎందుకు గొంతు చించుకుంటున్నారో అర్థమవుతుంది. తెలియకపోతే వాళ్ళు ఊరికే అరుస్తున్నట్టుంటుంది.

ముందు ఊరు చూద్దాం. దక్షిణ వేల్స్‌లో కొండల మధ్య ఇరుకు లోయలు. వాటిలో పేరుపడ్డది రోండా. 1851లో రోండాలో వెయ్యిమంది కూడా లేరు, గొర్రెల మందలు, నాలుగు కమతాలు. 1911కి లక్షన్నర దాటారు. అరవై ఏళ్ళలో! ఓడల ఇంజన్లకు పనికొచ్చే మేలురకం బొగ్గు దొరికింది, అంతే. 1913లో దక్షిణ వేల్స్ మొత్తం తీసిన బొగ్గు దాదాపు 5 కోట్ల 70 లక్షల టన్నులు. 1920 నాటికి గనుల్లో పనిచేసేవాళ్ళు 2 లక్షల 70 వేల దాకా ఉన్నారు. లోయ అడుగున నది, రైలు పట్టాలు, గని. పక్క వాలు మీద ఒకదానికొకటి ఆనుకుని ఇళ్ళ వరసలు. పైన బోడికొండ. నవలల్లో మనుషులు ఊరికే కొండెక్కుతుంటారు, గమనించారా? ఏమైనా మాట్లాడుకోవాలన్నా, ప్రేమించుకోవాలన్నా, సభ పెట్టుకోవాలన్నా కొండే. కింద జాగా లేదు మరి.

ఇప్పుడు కిందికి దిగుదాం. బొగ్గు కొట్టేవాడికి, అంటే పొర దగ్గర కూర్చుని తవ్వేవాడికి, గనిలో ఒక అర కేటాయిస్తారు. అతనితో ఒక కుర్రాడు సాయం ఉంటాడు. తవ్విన బొగ్గును డ్రామ్ అనే చిన్న బండిలోకి నింపుతారు. పారతో నింపరు, ఇది ముఖ్యం. ఒక పక్క తెరిచి ఉన్న రేకు పెట్టె ఉంటుంది, పట్టుకోడానికి రెండు పిడులు. అందులోకి పెద్ద పెళ్ళల్ని చేతులతో లాక్కుని, ఎత్తి డ్రామ్‌లో పోస్తారు. పొడి బొగ్గు కిందే ఉండిపోతుంది. ఎందుకు ఇంత తంటా? పారతో అయితే సులువు కదా? ఎందుకంటే పొడి బొగ్గుకు డబ్బులివ్వరు! చాలా గనుల్లో పెళ్ళబొగ్గుకే లెక్క.

డ్రామ్ మీద తవ్వినవాడి నంబరు సుద్దతో రాస్తారు. గుర్రం నడిపేవాడు దాన్ని లాక్కుపోతాడు. పైకి వెళ్ళాక తూకం. బండి బరువు తీసేస్తారు, జల్లెడలో కిందికి రాలిన పొడి తీసేస్తారు, రాయి కలిసిందంటే దానికీ కోత. మిగిలింది నీ బొగ్గు. నువ్వు కింద ఉన్నావు, తూకం పైన జరుగుతోంది. తూచేది కంపెనీ మనిషి. నీకేం కనబడుతుంది? ఏమీ కనబడదు. అందుకని కార్మికులు తమ తరఫున ఒక తూకందారును పైన నిలబెట్టుకునే హక్కు సాధించుకున్నారు. 1860 చట్టంతో మొదలై, 1887 చట్టంతో గట్టిపడిన హక్కు అది. ఆ మనిషిని ఎన్నుకునేది కార్మికులు, జీతం ఇచ్చేదీ కార్మికులే. కాబట్టి యజమాని అతన్ని ఇష్టం వచ్చినట్టు తీసెయ్యలేడు.

ఇప్పుడు ఆలోచించండి. గని ఆవరణలో రోజంతా ఉంటాడు, ప్రతి మనిషి నంబరూ తెలుసు, ఎవరి కూలి ఎంతో తెలుసు, యజమాని చేతిలో లేడు. నాయకుడు ఎక్కడినుంచి పుడతాడు? అక్కడినుంచే. గని కార్మిక సంఘం నాయకులు నోవా ఆబ్లెట్, ఆర్థర్ హార్నర్ ఇద్దరూ మార్డీ గనిలో అలాంటి తూకందారులే. ఇవాళ మనం ఎక్కువగా మాట్లాడుకోబోయే 'కూమార్డీ', 'వుయ్ లివ్' నవలలు రాసిన లూయిస్ జోన్స్ కూడా కేంబ్రియన్ గనిలో తూకందారే. మనం చదవబోయే నవలాకారుడు తన ఊరివాళ్ళ కూలి లెక్క రోజూ కళ్ళతో చూసినవాడన్నమాట.

ఇంకొక్క మెలిక చెప్పి నవలల్లోకి వెళ్తాను. టన్నుకు ఇంత అన్నారు, బాగానే ఉంది. కానీ పొర అన్నిచోట్లా ఒకలా ఉండదు. ఒకచోట నాలుగడుగుల మంచి బొగ్గు, ఇంకోచోట మధ్యలో రాతి పట్టీ. ఒకచోట నీళ్ళు కారుతుంటాయి, ఇంకోచోట పైకప్పు నిలవదు, గంటకోసారి దుంగ పెట్టాలి. ఆ రాయి పగలగొట్టి పక్కకు తోసినందుకు, నీళ్ళు తోడినందుకు, దుంగలు పెట్టినందుకు టన్ను లెక్కలో ఏముంటుంది? సున్నా. దుంగలకు కొంత ధర కొన్నిచోట్ల ఉండేది, కొన్నిచోట్ల మేనేజరు దయ. అలాంటి చెడ్డ చోటు ఒకడికి పడితే, పక్క అరలో పనిచేసేవాడి కన్నా రెట్టింపు కష్టపడి సగం కూలి తెచ్చుకుంటాడు. 1912లో కనీస వేతన చట్టం వచ్చిందాకా ఇదే గొడవ.

సింగరేణి నుంచి వచ్చినవాళ్ళు తలూపుతున్నారు. మీకు విడమర్చి చెప్పక్కర్లేదు. ఓవర్‌మేన్ అంటే గని లోపల పని అజమాయిషీ చేసేవాడు, షాట్‌ఫైరర్ అంటే మందు పేల్చేవాడు, ఇలాంటి హోదాలు బ్రిటిష్ గని చట్టాలతోపాటే మన బాయిల్లోకి దిగాయి కదా. నవలలో ఓవర్‌మేన్ రాగానే అతను ఎవరి మనిషో మీకు వెంటనే తెలుస్తుంది, హైదరాబాదు పాఠకుడికి ఫుట్‌నోట్ కావాలి.

ఇక 1910. రోండాలో కేంబ్రియన్ కంబైన్ అనే గని కంపెనీల కూటమి కింద ఉన్న గనుల్లో పెనిగ్రేగ్ దగ్గరి ఈలీ గని ఒకటి. అక్కడ కొత్త పొర తెరిచారు. టన్నుకు ఎంత ఇవ్వాలి? కొంతకాలం పనిచేయించి చూశారు. 70 మంది దాకా పనిచేశారు. కావాలనే నెమ్మదిగా తవ్వుతున్నారని కంపెనీ అంది. మధ్యలో రాయి ఉంది, నెమ్మదిగా కాక ఎలా వస్తుంది అని వీళ్ళన్నారు. కంపెనీ ఇస్తానన్నది 1 షిల్లింగ్ 9 పెన్నీలు, వీళ్ళు అడిగింది 2 షిల్లింగ్‌ల 6 పెన్నీలు. షిల్లింగ్‌కు 12 పెన్నీలు కాబట్టి తేడా 9 పెన్నీలు. దాని మీద సెప్టెంబరులో కంపెనీ ఆ 70 మందికే కాదు, గనిలో ఉన్న దాదాపు 950 మందికీ గేటు మూసేసింది. నవంబరుకల్లా కంబైన్ మొత్తం సమ్మె, 12 వేలమంది బయట ఉన్నారు. నవంబరు 7, 8 తేదీల్లో టోనీపాండీలో పోలీసుల లాఠీఛార్జి, దుకాణాల అద్దాలు పగలడం, శామ్యూల్ రిస్ అనే కార్మికుడి చావు. లండన్ నుంచి పోలీసులు, ఆ వెనకే సైన్యం. హోంమంత్రి ఎవరు? చర్చిల్. ఇవాళ్టికీ ఆ లోయల్లో ఆ పేరు చెప్పి ఓటు అడగడం కష్టం.

1911 ఆగస్టులో సమ్మె ముగిసింది, సెప్టెంబరులో పనిలోకి వెళ్ళారు. ఎంతకు? 2 షిల్లింగ్‌ల 3 పెన్నీలకు. సమ్మెకు ముందే బేరంలో వచ్చిన రేటది. చరిత్ర పుస్తకంలో ఇది ఒక పేరా. దీంట్లోంచే వచ్చింది లూయిస్ జోన్స్ రాసిన 'కూమార్డీ'.

జోన్స్ 1897లో క్లిడాక్ వేల్‌లో పుట్టాడు, అంటే ఆ గొడవ జరిగిన చోటే. పన్నెండేళ్ళకు గనిలోకి దిగాడు. 1923 నుంచి 25 దాకా లండన్‌లో సెంట్రల్ లేబర్ కాలేజీలో చదివాడు, కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. 1926లో రాజద్రోహపు ప్రసంగం కింద జైలుకెళ్ళాడు. పని పోయాక నిరుద్యోగుల ఉద్యమంలో ఆకలి యాత్రలు నడిపాడు. ఈ మధ్యలో నవల ఎప్పుడు రాశాడు? సభలకూ కమిటీలకూ ఊరేగింపులకూ మధ్య దొంగిలించిన సమయంలో రాశానని ముందుమాటలో తనే చెప్పుకున్నాడు. నవలగా రాయమన్నది ఆర్థర్ హార్నర్. గని జీవితం చరిత్రగా కన్నా కల్పనగా చెబితే సామాన్య పాఠకుడికి బాగా అందుతుందని అతని ఆలోచన. గని సంఘం నాయకుడొకడు కార్యకర్తను పిలిచి, కరపత్రం కాదు, నవల రాయి అన్నాడు! 1937లో లారెన్స్ అండ్ విషర్ట్ వేసింది. ముల్క్ రాజ్ ఆనంద్ 'కూలీ'ని ఒక్క ఏడాది ముందు వేసిన ప్రచురణకర్తలే.

కథ లెన్ అనే కుర్రాడిది. తండ్రి బిగ్ జిమ్, కండబలం, గొప్పలు, తాగుడు, మంచి మనసు. తల్లి షాన్. లెన్ అక్క జేన్, ఓవర్‌మేన్ కొడుకు వల్ల కడుపుతో ఉండి ప్రసవంలో చనిపోతుంది. ఇక్కడ కూడా చూడండి, మోసగించినవాడు ఓవర్‌మేన్ కొడుకు కావడం ఊరికే జరిగింది కాదు. మంచి చోటు ఎవరికి, చెడ్డ చోటు ఎవరికి అన్నదాంట్లో ఓవర్‌మేన్ మాట నడుస్తుంది. అలాంటి ఇంటిమీదికి గొడవకెళ్ళే తండ్రి, రేపటి తన కూలితో జూదమాడుతున్నాడు. జోన్స్ ఇది ఎక్కడా విడమర్చి చెప్పడు. అతని ఊరి పాఠకులకు చెప్పక్కర్లేదు కాబట్టి.

తర్వాత లెన్ గనిలోకి వెళ్తాడు. నాకు ఈ నవలలో అన్నిటికన్నా నచ్చే పేజీలు ఇవే. చీకటి, భయం, తండ్రి పక్కన పని నేర్చుకోవడం. పైకప్పును పరీక్షించడం ఎలాగో తెలుసా? పలుగు మొనతో తట్టి వింటారు. గట్టి రాయి ఖంగుమంటుంది. వదులైన రాయి డోలులా బోలుగా మోగుతుంది. బోలుగా మోగితే వెంటనే దుంగ పెట్టాలి. రెండు నిలువు దుంగలు, వాటి నెత్తిన అడ్డదుంగ, గాడి కోసి బిగించాలి. కానీ కొన్ని రాళ్ళు ఈ పరీక్షకు కూడా చిక్కవు. శిలాజమైపోయిన పాత చెట్ల మొదళ్ళు పైకప్పులో గంట ఆకారంలో ఉండిపోతాయి, చుట్టూ నున్నటి పొర. పట్టు ఉండదు, చప్పుడు లేకుండా జారి నెత్తిన పడతాయి. ఇప్పుడు మళ్ళీ లెక్కలోకి రండి. దుంగ పెట్టడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటలో బొగ్గు రాదు. బొగ్గు రాకపోతే కూలి రాదు. ఇంకొక్క డ్రామ్ నింపాక పెడదాంలే అనిపిస్తుంది. చాలా చావులు ఆ ఇంకొక్క డ్రామ్ దగ్గరే జరిగాయి. దాన్ని అజాగ్రత్త అని విచారణలో రాసుకున్నారు. అజాగ్రత్తా అది? కూలి లెక్క కట్టిన తీరు అది!

పేలుడు కూడా అంతే. 'కూమార్డీ'లో పెద్ద పేలుడు వస్తుంది. దాని వెనక ఉన్న సంగతి చెబుతాను. బొగ్గులోంచి మీథేన్ ఊరుతుంది. గాలికన్నా తేలిక, పైకప్పు కింద చేరుతుంది. గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పు తగలగానే పేలుతుంది. షిఫ్టుకు ముందు ఫైర్‌మన్ తన దీపపు వత్తిని బాగా తగ్గించి, నెమ్మదిగా పైకప్పు దాకా ఎత్తుతాడు. మంట నెత్తిన లేత నీలం టోపీలాంటి వెలుగు కనబడితే గ్యాసు ఉన్నట్టు. టోపీ ఎంత పొడుగ్గా ఉంటే అంత గ్యాసు. చూసి, తేదీ, తన పేరు పొడి అక్షరాలు సుద్దతో రాసి వెళ్ళాలి. వేల్స్‌లో ఫైర్‌మన్ అంటే మంటలార్పేవాడు కాదు, ఇదే అతని పని. నవల చదివేటప్పుడు ఇక్కడ చాలామంది తికమకపడతారు.

అయితే గ్యాసు ఒక్కటే ఊరంతటినీ చంపదు. అంతపని చేసేది బొగ్గుధూళి. మొదటి చిన్న పేలుడు గాలిని తోస్తుంది, ఆ తోపుకు దారులనిండా పేరుకున్న ధూళి లేస్తుంది, అది అంటుకుని తర్వాతి ధూళిని లేపుతుంది, అలా మైళ్ళు పోతుంది. ధూళి ఎక్కడిది? బండి అంచు దాటేలా పెళ్ళలు పేర్చిన డ్రామ్‌లు ఆ దారుల్లోంచే ఎదురుగాలిలో పరిగెడతాయి, రాలుస్తూ పోతాయి. అంచు దాటేలా ఎందుకు పేర్చారో ఇప్పుడు మీకు తెలుసు. మంట తప్పించుకున్నవాళ్ళను తర్వాత వచ్చే కార్బన్ మోనాక్సైడ్ చంపుతుంది. 1913 అక్టోబరు 14న సెంఘెనిద్ గనిలో 439 మంది, వెతకడానికి వెళ్ళినవాళ్ళలో ఒకరు, మొత్తం 440 ప్రాణాలు. అదే గనిలో 1901లో 81 మంది పోయారు. అయినా గాలి పంకాను వెనక్కి తిప్పగలిగే ఏర్పాటు 1913 నాటికి పూర్తికాలేదు, చట్టం చేయమన్నా. శిక్ష ఏమిటి? మేనేజరుకు 24 పౌండ్లు జరిమానా, కంపెనీకి 10 పౌండ్లు. మేనేజరు కట్టినదాన్ని శవాల సంఖ్యతో భాగించి పత్రికలు లెక్కవేశాయి: ప్రాణానికి 1 షిల్లింగ్ 1 పెన్నీ చిల్లర. ఒక టన్ను బొగ్గు కొట్టినందుకు కార్మికుడు అడిగిన 2 షిల్లింగ్‌ల 6 పెన్నీలు గుర్తున్నాయా? అందులో సగం కూడా కాదు.

ఇళ్ళలోకి వద్దాం. గని దగ్గర స్నానాల గదులు వేల్స్‌లో మొదట వచ్చింది 1916లో, ట్రెహారిస్‌లో. చాలా ఊళ్ళకు అవి అందడానికి ఇంకా ఎన్నో ఏళ్ళు పట్టింది. అప్పటిదాకా మగవాళ్ళు మసితో ఇంటికొచ్చి పొయ్యి ముందు రేకు తొట్టిలో కూర్చుని కడుక్కోవాలి. ఇంట్లో ముగ్గురు మగవాళ్ళు, మూడు షిఫ్టులు అనుకోండి. ఆ ఆడమనిషికి పగలేది, రాత్రేది? నీళ్ళు మొయ్యడం, కాచడం, తొట్టి ఎత్తి పారబొయ్యడం, తడి బట్టలు ఆరబెట్టడం. కడుపుతో ఉన్నా ఇదే చాకిరీ. ఈ పనికి టన్ను లెక్క కూడా లేదు. జోన్స్ షాన్ పాత్రను బాగా కట్టాడు. నోరు గట్టిది, బిగ్ జిమ్ లాంటి కొండను ఒక్క చూపుతో కూర్చోబెడుతుంది. కానీ షాన్ కళ్ళతో ఒక రోజంతా నడిపిన అధ్యాయం లేదు. ఇది లోటే.

రెండో నవల 'వుయ్ లివ్', 1939. లెన్, సంఘం పాత నాయకుడు ఎజ్రా కూతురు మేరీ, వీళ్ళిద్దరూ కమ్యూనిస్టు పార్టీలోకి రావడం. మామ ఒక దారి, అల్లుడు ఒక దారి. ఎజ్రా ద్రోహి కాడు, అలసిపోయినవాడు. బేరమాడి తెచ్చుకున్నదాన్ని కాపాడుకుందాం అంటాడు. అతని వైపు కూడా న్యాయం ఉందని జోన్స్‌కు తెలుసు, అందుకే ఆ వాదనలు బతికి ఉంటాయి. 1926 వస్తుంది. సార్వత్రిక సమ్మె తొమ్మిది రోజుల్లో ముగిసింది, గనివాళ్ళు మాత్రం ఏడు నెలలు బయట ఉండిపోయారు. ఊరుమ్మడి వంటశాలలు, చెప్పులు కుట్టే కేంద్రాలు, గుట్టల మీద బొగ్గు ఏరుకోవడం. చివరికి ఎక్కువ గంటలకు, తక్కువ కూలికి లోపలికెళ్ళారు. ఆ తర్వాత కంపెనీ అనుకూల సంఘం పుట్టింది. దాన్ని ఎలా కొట్టారన్నది వినండి, భలే ఎత్తు. 1935 అక్టోబరులో నైన్ మైల్ పాయింట్ గనిలో షిఫ్టు అయ్యాక మనుషులు పైకి రాలేదు. కిందే కూర్చున్నారు. గేటు బయట సమ్మె చేస్తే కంపెనీ బయటి మనుషుల్ని రైల్లో తెచ్చి, పోలీసుల కాపలాతో లోపలికి పంపుతుంది. కిందే కూర్చుంటే? కొత్తవాళ్ళు దిగలేరు, లాఠీఛార్జి కుదరదు. వారం దాకా కూర్చున్నారు. ఇది వేరే గనులకూ పాకింది. 'వుయ్ లివ్'లో ఇలాంటి సమ్మె ఉంది, పుస్తకంలో ఉత్కంఠ అంతా అక్కడుంది.

చివర లెన్ స్పెయిన్ అంతర్యుద్ధానికి వెళ్ళి చనిపోతాడు. ఇక్కడ నవల బలహీనపడిందని నా అభిప్రాయం. గని లోపల గాలి తెలిసిన చెయ్యి స్పెయిన్‌లో నినాదాలు పట్టుకుంది. ఉపన్యాసాలు పొడుగయ్యాయి, మేరీ మనిషిలా కాకుండా తీర్మానంలా మాట్లాడుతుంది. అయితే ఇంకో సంగతి కూడా చెప్పాలి. జోన్స్ 1939 జనవరిలో చనిపోయాడు. స్పెయిన్ కోసం ఒక్కరోజులో దాదాపు 30 వీధి సభల్లో మాట్లాడి ఆ రాత్రి ప్రాణం విడిచాడు, 41 ఏళ్ళు. పుస్తకం ఆ తర్వాత వచ్చింది. చివరి అధ్యాయాలు అతని సహచరి మేవిస్ లెవెలిన్ పూర్తిచేసిందని పరిశోధకులు అంటారు. తిట్టేటప్పుడు ఇది మనసులో పెట్టుకోండి.

అదే 1939లో ఇంకో నవల వచ్చింది, ప్రపంచమంతా దాన్నే చదివింది. రిచర్డ్ లెవెలిన్ 'హౌ గ్రీన్ వాజ్ మై వ్యాలీ'. 1941లో జాన్ ఫోర్డ్ సినిమా తీశాడు, 'సిటిజన్ కేన్'ను కాదని ఉత్తమ చిత్రం ఆస్కార్ దానికిచ్చారు. యుద్ధం వల్ల వేల్స్‌లో తియ్యడం కుదరక కాలిఫోర్నియా కొండల్లో సెట్టు వేశారు. రచయిత వేల్స్‌లోనే పుట్టానని చెప్పుకున్నాడు, పుట్టింది లండన్ శివారు హెండన్‌లో. అందుకని పుస్తకం చెడ్డదా? కాదు. భోజనాల బల్ల, తల్లి, పాటలు, కమ్మగా రాశాడు. కానీ కూలి అక్కడ ఎలా వస్తుంది? తండ్రీ కొడుకులు తెచ్చి తల్లి ఒడిలో వేసే బంగారు నాణేలుగా వస్తుంది. ఆ నాణేలు తూకం దగ్గర ఎలా తేలాయన్నది పుస్తకానికి అక్కర్లేదు. అందుకే అందులో గొడవ ఎప్పుడూ బయటినుంచి వచ్చిన చెడుగా కనిపిస్తుంది. చివర తండ్రి గనిని నీటిముంపు నుంచి కాపాడబోయి చనిపోతాడు, తప్పంతా గుంపు మీద పడుతుంది. రెండు పుస్తకాలూ ఒకేసారి చదవండి, తేడా మీకే తెలుస్తుంది.

వేల్స్ అంటే బొగ్గు ఒక్కటే అనుకోకండి. ఉత్తరాన పలకల క్వారీలు, అక్కడ జనం మాట్లాడింది, రాసింది వెల్ష్ భాషలో. అక్కడి కూలి లెక్క వేరు, ఇంకా కిరాతకం. ప్రతి నెలా నలుగురైదుగురి జట్టుకు కొండలో ఒక ముక్క బేరం ఇస్తారు. రాయి మంచిదైతే తక్కువ రేటు, చెడ్డదైతే ఎక్కువ రేటు. నిర్ణయించేది ఎవరు? స్టీవార్డు, అంటే యాజమాన్యం మనిషి. అతనికి కోడిపెట్టో, నాలుగు గుడ్లో ముట్టచెబితే రేటు మారుతుందని అందరికీ తెలుసు. 1900 నవంబరు నుంచి 1903 నవంబరు దాకా బెథెస్డాలో పెన్రిన్ క్వారీలో తగువు నడిచింది, మూడేళ్ళు. క్వారీలో సంఘం చందాలు వసూలు చెయ్యకూడదని యాజమాన్యం అనడం దాకా వెళ్ళిన తగువు అది. ఇళ్ళ కిటికీల్లో అట్టలు పెట్టారు, ఈ ఇంట్లో ద్రోహి లేడు అని. అట్ట తీసేసిన ఇల్లు ఏమైందో మీరే ఊహించుకోండి. టి. రోలండ్ హ్యూస్ 1946 నవల 'ఖ్వల్వా' ఆ చీలిక గురించే, ఒక కుటుంబం ముక్కలు కావడం.

కేట్ రాబర్ట్స్ మాత్రం ఇంకా పొదుపైన చెయ్యి. 1936లో వచ్చిన ఆమె నవల 'త్రైద్ మెవున్ కఫ్యోన్'లో సమ్మె ఉపన్యాసాలుండవు. అప్పు, చీటీ, పిల్లాడి స్కూలు ఫీజు, తగ్గిపోయే నెల జీతం. చివర్లో కథలోని తల్లి జేన్ గ్రిఫిద్ ఇంటికి సైన్యం నుంచి ఒక కాగితం వస్తుంది. ఇంగ్లీషులో ఉంది, ఆమెకు చదవడం రాదు. కొడుకు పోయాడని దుకాణంలో చదివించుకుని తెలుసుకోవాలి. ఒక్క పేజీ. ఆ పేజీ చదివాక జోన్స్ చేసిన కొన్ని ఉపన్యాసాలు మనకే బరువనిపిస్తాయి.

పని ఉంటే కూలి లెక్క. పనే లేకపోతే? 1930లలో లోయల్లో అదే జరిగింది. భృతి ఇవ్వడానికి ముందు ఇంట్లోవాళ్ళ ఆదాయమంతా తనిఖీ చేస్తారు, కొడుకు నాలుగు డబ్బులు తెస్తే తండ్రి భృతి కోత. పిల్లలు ఇల్లు విడిచి వేరే చిరునామా పెట్టుకునేది అందుకే. దీన్ని గ్విన్ థామస్ నవ్వుతో రాశాడు, నవ్వు వెనక విషంతో. 1946 నాటి 'ది డార్క్ ఫిలాసఫర్స్'లో నలుగురు స్నేహితులు ఇటాలియన్ కాఫీ దుకాణంలో పొయ్యి దగ్గర కూర్చుని, యజమానుల పక్షం చేరిపోయిన ఒక మతబోధకుడి పని పట్టే ఉపాయం ఆలోచిస్తారు. కథ చెప్పేది 'మేము'. లోయల్లో ఆ కాఫీ దుకాణాలు నిజంగా ఉండేవి, ఇటలీలోని బార్డీ ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళు పెట్టారు. ఒక్క కప్పు టీతో సాయంత్రమంతా వెచ్చగా కూర్చోవచ్చు. పనిలేనివాడికి అంతకన్నా ఏం కావాలి?

తర్వాతివాళ్ళను గబగబా చెప్పేస్తాను. మెన్నా గాలీ 1959లో 1926 సమ్మెకాలాన్ని హత్య కథగా రాసింది, 'స్ట్రైక్ ఫర్ ఎ కింగ్‌డమ్', గని మేనేజరు హత్య. చాలా సరదాగా ఉంటుంది, తక్కువమంది చదివారు. రేమండ్ విలియమ్స్ 1960 నాటి 'బోర్డర్ కంట్రీ'లో గని లేదు, పల్లెటూరి రైల్వే సిగ్నల్ పెట్టె ఉంది, అదే 1926ను అక్కడినుంచి చూస్తాడు. ఇంగ్లండ్‌లో వందేళ్ళ ముందు వచ్చిన పారిశ్రామిక నవలలు బయటినుంచి చూసినవాళ్ళు రాశారని, వేల్స్ నవల ఆలస్యమైనా లోపలివాళ్ళు రాశారని ఆయనే తర్వాత ఒక ఉపన్యాసంలో అన్నాడు. క్రిస్టఫర్ మెరెడిత్ 1988 నవల 'షిఫ్ట్స్' ఉక్కు ఫ్యాక్టరీ మూసివేత మీద. అందులో సమ్మె లేదు, వీరుడు లేడు. షిఫ్టుకు రావడం, చేసేందుకు పనిలేక కాలక్షేపం చెయ్యడం, నష్టపరిహారం చెక్కు కోసం చూడటం. గెలిచే అవకాశం ఉన్న గొడవ పోయాక నవల ఎలా ఉంటుందో చూడాలంటే అది చదవండి.

ఎక్కడ మొదలుపెట్టాలని అడుగుతారు, కాబట్టి చెప్పేస్తాను. 'కూమార్డీ'తో మొదలుపెట్టండి. 2006 నుంచి లైబ్రరీ ఆఫ్ వేల్స్ వరసలో రెండు నవలలూ ఒకే సంపుటంగా దొరుకుతున్నాయి, లావు చూసి బెదరకండి. మొదటిసారి ఉపన్యాసాలు పొడుగనిపిస్తే దాటెయ్యండి, గని లోపలి అధ్యాయాలు ఒక్కటీ దాటకండి. దాని తర్వాత వెంటనే 'వుయ్ లివ్' కాకుండా కేట్ రాబర్ట్స్ చదవండి, ఇంగ్లీషులో 'ఫీట్ ఇన్ చెయిన్స్' అని ఉంది. చిన్న పుస్తకం, రెండు రోజులు. అప్పుడు 'వుయ్ లివ్'కు తిరిగి రండి. మీలో గని కథలు రాస్తున్నవాళ్ళు చదివేటప్పుడు పక్కన ఒక కాగితం పెట్టుకోండి. ప్రతి పాత్రకూ డబ్బు ఎవరి చేతిలోంచి వస్తోంది, ఎవరు కొలుస్తున్నారు, ఏ పనికి రావట్లేదు అని రాసుకుంటూ పోండి. షాన్ దగ్గరికి వచ్చేసరికి మూడో గడి నిండిపోతుంది, కాగితం సరిపోదు. ఇక ప్రశ్నలుంటే అడగండి.